గచ్చుకు పంచాంగం తెలియదు

కిందటి వేసవిలో మా అక్క కూతురు కోకాపేట నుంచి ఫోను చేసింది. "పిన్నీ, పన్నెండు రోజుల్లో గృహప్రవేశం. నువ్వు ముందుగా రావాలి. వాకిట్లో గచ్చుకు రంగు వేయిస్తున్నాము" అంది.

"నేలకు రంగేమిటే? నాలుగు రోజులు తొక్కితే పోదూ?" అన్నాను.

"పెయింటు కాదు పిన్నీ, స్టెయిన్. కాంక్రీటులోకి యింకిపోతుందట!"

సరే, బయలుదేరి వెళ్ళాను. కోకాపేట ఒకప్పుడు గండిపేట చెరువుకు వెళ్ళే దారిలో ఒక పల్లె. ఆ వూళ్ళోనే 2023 ఆగస్టులో ప్రభుత్వం వేలం వేస్తే ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. అంత ఖరీదైన వూళ్ళో యిల్లు కట్టుకున్నవాళ్ళకు వాకిలి బూడిదరంగులో వుంటే మనసొప్పక పోవడం సహజమే. కాంట్రాక్టరు చూపించిన బొమ్మలు కూడా బాగానే వున్నాయి. పాత తోలు పెట్టెకు వుండే గోధుమరంగు, మధ్యమధ్య మబ్బు నీడల్లాంటి ఛాయలు.

నిజానికి రంగు నేల మనకు కొత్త కాదు. హైదరాబాదు పాత యిళ్ళలో షాబాదు బండలు, తాండూరు బండలు పరిచేవారు. రాయి తన రంగు తానే తెచ్చుకుంటుంది. సిమెంటుకు మాత్రం మనమే యివ్వాలి. మన అమ్మమ్మల యిళ్ళలోని ఎర్రగచ్చు అలా యిచ్చినదే. సిమెంటులో ఎర్ర ఆక్సైడు పొడి కలిపి, పచ్చిగా వున్న అడుగు పొర మీద పరిచి, తాపీతో మెరిసేదాకా నునుపు చేసి, రోజుల తరబడి నీళ్ళు కట్టేవారు. ఆ పొడి ఏమిటనుకున్నారు? యినుప ఆక్సైడు, అంటే తుప్పు జాతిదే. తుప్పును ఎండ యింకేం చేయగలదు? అందుకే ఆ రంగు వెలవదు. పసుపుపచ్చ, నలుపు, గోధుమ రంగు పొడులలో ఎక్కువ భాగం కూడా యినుప ఆక్సైడులే. ఆకుపచ్చకు క్రోమియం ఆక్సైడు వాడతారు. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి కూడా 1937లో కట్టిన జేకబ్స్ గారి యింటికి ఎర్రరంగు కలిపిన కాంక్రీటు నేలే వేయించాడు.

యిలా కలిపే రంగుకు రెండు నియమాలు వున్నాయి. పొడి బరువు సిమెంటు బరువులో పదోవంతు దాటకూడదు. దాటితే రంగు పెరగదు సరికదా, గచ్చు బలం తగ్గుతుంది. రెండోది, ప్రతి తడవా కొలత ఒకటే వుండాలి. ఒక తట్టలో నీళ్ళు ఎక్కువైతే ఆ మేరకు గచ్చు పాలిపోతుంది.

యిక మా అమ్మాయి వేయించబోయే స్టెయిన్ సంగతి వేరు. అది గచ్చు గట్టిపడిన తరువాత వేసేది. యినుము, మాంగనీసు, రాగి లవణాలను పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి వుంచుతారు. సిమెంటు గట్టిపడేటప్పుడు దానిలో కొంత సున్నం మిగులుతుంది. ఆమ్లం గచ్చు పైపొరను కొద్దిగా తెరుస్తుంది. లవణాలు ఆ సున్నంతో కలిసి, నీళ్ళకు కరగని రంగుగా అక్కడే నిలిచిపోతాయి. సున్నం అంతటా ఒక్కలా వుండదు కాబట్టి రంగూ ఒక్కలా రాదు. ఏ రెండు గచ్చులూ ఒకలా వుండవు. పగులు వుంటే పగులు కనిపిస్తుంది, అతుకు వుంటే అతుకు కనిపిస్తుంది. లోపం కప్పిపెట్టుకోవాలనుకునేవారు దీని జోలికి పోకూడదు.

యింతకూ ఆ గచ్చు వేసి ఎన్నాళ్ళయింది అని అడిగాను.

"ఎనిమిది రోజులు" అన్నాడు కాంట్రాక్టరు. "ముహూర్తానికి రెండు రోజుల ముందు వేసేస్తానండీ."

నాకు గుండె జారింది. యిటువంటి పనికి గచ్చు కనీసం 28 రోజులు ముదరాలని ఆ స్టెయిన్ డబ్బా మీదే రాసి వుంది. లేత గచ్చులో తడి వుంటుంది. రంగు ఒకచోట నల్లబడి, ఒకచోట ఎక్కకుండా పోతుంది. లోపలి తడి పైకి వస్తూ సున్నాన్ని కూడా వెంటబెట్టుకు వస్తుంది. అది గాలి తగిలి తెల్లగా పూస్తుంది. గోడలకు ఉప్పు పూయడం చూశారుగా, అదీ అటువంటిదే.

మా అమ్మాయి మొహం చిన్నబోయింది. వాళ్ళ అత్తగారు, "బూడిద గచ్చు మీద గృహప్రవేశమా? చుట్టాలంతా ఏమనుకుంటారు?" అన్నారు.

అప్పుడు నా కథ చెప్పవలసి వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట, మా యింట్లో పెళ్ళికి రెండు రోజుల ముందు, మా అమ్మ ఎర్రగచ్చు మురికిగా కనిపించింది నాకు. అమ్మ ఏళ్ళ తరబడి కొబ్బరినూనె గుడ్డతో రుద్ది మెరిపించిన గచ్చు అది. ఎంతకని రుద్దడం అనుకుని, స్నానాలగది కడిగే యాసిడ్ పోసి చీపురుతో కడిగేశాను. ఆరేసరికి నేలంతా దేశపటంలా తెల్లటి మరకలు! యాసిడ్ సిమెంటును తింటుంది. గచ్చు నునుపంతా పై పొరలోనే వుంటుంది కదా, అది కాస్తా పోయింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. చాపలు పరిపించింది. పెళ్ళి జరిగిపోయింది. కాని ఆ గచ్చు మళ్ళీ ముందులా కాలేదు. తొందరలో చేసిన పని రెండు రోజులు దాగింది. దాని మచ్చ అమ్మ వున్నన్నాళ్ళూ కనిపించింది.

అత్తగారు కాసేపు వూరుకుని, "పోనీ, ముగ్గులు పెద్దవి పెడదాం" అన్నారు.

ఆ రోజు యింకొకటి చూశాను. కాంట్రాక్టరు వెంట వచ్చిన కుర్రవాడు ఒక మూల కొంచెం వేసి చూపిస్తానని డబ్బా మూత తీసి, వట్టి చేతులతో, మొహాన జేబురుమాలు కట్టుకుని కలపబోయాడు. "చేతి తొడుగులు లేవా?" అంటే, "వాడికి అలవాటేనమ్మా" అన్నాడు కాంట్రాక్టరు. ఆమ్లానికి అలవాటు పడే చర్మం వుంటుందా? రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, కాళ్ళకు బూట్లు, ఆవిరి అడ్డుకునే మాస్కు వచ్చేదాకా మూత తీయవద్దని మా అమ్మాయి గట్టిగా చెప్పింది. వాటి ఖరీదు తనే యిచ్చింది. వందల రూపాయలతో పోయేదాన్ని వాడి కంటితో కొలవకూడదు.

మీరూ యిటువంటి పని చేయించదలిస్తే యీ నాలుగూ గుర్తుంచుకోండి. మొదట గచ్చు మీద నీళ్ళు చిలకరించండి; యింకితే స్టెయిన్ యింకుతుంది, ముత్యాల్లా నిలిస్తే పైన ఏదో పూత వున్నట్టు. ఎవరూ చూడని మూల ఒక చదరం వేయించి, ఆ రంగు నచ్చితేనే మిగతాది వేయించండి. రంగు పట్టాక వంటసోడా నీళ్ళతో రుద్ది ఆమ్లాన్ని చంపి, తేటనీళ్ళు వచ్చేదాకా కడిగించండి. ఆ నీటిని వానకాలువలోకి వదలవద్దు. ఆరిన తరువాత సీలరు వేయించి, అది అరిగినప్పుడల్లా మళ్ళీ వేయిస్తూ వుండండి. సీలరు వున్నా చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికితే వెంటనే తుడవాలి. పులుపు ఆమ్లమే కదా!

గృహప్రవేశం బూడిద గచ్చు మీదనే జరిగింది. వాకిలంతా తెల్లటి ముగ్గు. నూనె పడిన చోట స్టెయిన్ ఎక్కదని దీపాల కింద పళ్ళేలు పెట్టించాము. చుట్టాలలో ఒక్కరు కూడా గచ్చు రంగు అడగలేదు. భోజనాల సంగతే మాట్లాడుకున్నారు.

నెల గడిచాక ముగ్గంతా కడిగి, స్టెయిన్ వేయించారు. చక్కటి గోధుమరంగు వచ్చింది. గడప పక్కన మాత్రం అరచేతి వెడల్పున పాలిపోయిన మచ్చ ఒకటి మిగిలింది. ఎంత జాగ్రత్తపడినా, ఆనాడు ఒక ప్రమిద పళ్ళెం దాటి ఒలికిందన్నమాట. దాన్ని చెక్కి మళ్ళీ వేస్తానన్నాడట కాంట్రాక్టరు. అత్తగారే వద్దన్నారట.

"వుండనీయి. మనం యింట్లో అడుగుపెట్టిన రోజు దీపం అది" అన్నారట ఆవిడ.