‘ఎక్కడ?’ అను ప్రశ్న

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు, ప్రకాశము మైదానములందలి మిరప చేలు ఎర్రబారును. తెల్లవారకముందే కూలీల ఆటోలు, ట్రాక్టర్లు డొంకదారులు పట్టును. కోతలకు వచ్చువారిలో పొరుగూరివారు, పొరుగు జిల్లావారు పెక్కురు. ఆసామి పేరు వారెరుగుదురు గాని, ఆ చేను ఏ గ్రామము క్రిందిదో ఎరుగరు. అట్టి చోట ఆపద సంభవించినచో ఎవరో ఒకరు 112కు ఫోను చేయుదురు. అవతలి కంఠము మొదట అడుగు ప్రశ్నలలో ముఖ్యమైనది ఒక్కటే: ‘ఎక్కడ?’

ఆ ప్రశ్న అడుగు ఉద్యోగిని గురించి మన పాఠశాలలలో వినబడుట అరుదు. డాక్టరు, ఇంజనీరు, కలెక్టరు అను మాటలే పిల్లల చెవులలో మారుమ్రోగుచున్నవి. పోలీసు కంట్రోలు రూములో కూర్చుండి ప్రజల మొర వినుట కూడ ఒక వృత్తియే, అదియు విద్య కావలసిన వృత్తియే అని మేము మనవి చేయదలచినాము.

ఈ పనిలో రెండు భాగములున్నవి. ఫోను అందుకొను ఉద్యోగి ఏమి జరిగినది, ఎక్కడ జరిగినది, ఎవరికి గాయము తగిలినది అని అడిగి, వినుచునే నమోదు చేయును. ఆ నమోదు తక్షణమే డిస్పాచరు ముందునకు వచ్చును. సమీపముననున్న పోలీసు వాహనమేదో చూచి పంపుట, అది చేరువరకు వెన్నంటి ఉండుట అతని విధి. అవసరమైనచో అంబులెన్సును, అగ్నిమాపక దళమును, విద్యుత్ శాఖను కూడ కదలింపవలెను. 2020 మే నెలలో నాగులుప్పలపాడు మండలము రాపర్ల వద్ద మిరప కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభమును ఢీకొని పలువురు మరణించిరి. అట్టి వేళ పోలీసును పంపుట ఎంత ముఖ్యమో, తీగలలో విద్యుత్తును నిలిపివేయించుటయు అంతే ముఖ్యము.

ఈ ఏర్పాటు ఊరక పుట్టినది కాదు. 1935 నవంబరులో లండనులోని వింపోల్ వీధిలో ఒక ఇల్లు దగ్ధమై ఐదుగురు స్త్రీలు మరణించిరి. అగ్నిమాపక దళమునకు ఫోను చేసిన పొరుగువాని పిలుపు ఎక్స్ఛేంజిలో తన వంతుకై వేచియుండవలసి వచ్చినది. దాని ఫలితముగా 1937 జూన్ 30న అచట 999 సంఖ్య వెలసినది. మన దేశమున పోలీసుకు 100, అగ్నిమాపక దళమునకు 101 చిరకాలముగా ఉన్నవి. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనది. వీటినన్నింటిని ఒక్క గుమ్మమునకు చేర్చు 112 సేవ నిర్భయ నిధి తోడ్పాటుతో 2018 నుండి ఒక్కొక్క రాష్ట్రమునకు వ్యాపించినది.

యంత్రములే చోటును చూపగా మనుష్యుడేల అని కొందరందురు. పట్టణములో ఆ మాట కొంత నిజము కావచ్చును. పొలములలో ఒక్కొక్క సెల్ టవరు క్రింద కొన్ని గ్రామములుండును. ప్రత్తిపాడు అనినచో గుంటూరు జిల్లాలో ఒకటి, కాకినాడ జిల్లాలో ఒకటి కలవు. చీరాల, పర్చూరు 2022లో ప్రకాశము జిల్లా నుండి బాపట్ల జిల్లాలో చేరినవి. పాత అలవాటున ప్రకాశమనియే చెప్పువారు ఉందురు. ‘మేజరు కాలువ గట్టు మీద, కల్లము దాటినాక’ అని ఏడ్చుచు చెప్పు తల్లి మాటను చోటుగా మార్చగలవాడు తెలుగు నేలను, తెలుగు నుడిని ఎరిగిన మనుష్యుడే.

పత్తి చేను నుండి వచ్చు మరియొక పిలుపు కలదు: ‘మా ఆయన పురుగుమందు త్రాగినాడు.’ వినువాని గొంతు తడబడరాదు. బలవంతముగా వాంతి చేయింపవద్దనియు, ఆ డబ్బాను ఆసుపత్రికి వెంట తీసికొని పొమ్మనియు నెమ్మదిగా చెప్పి, పిలుపును అంబులెన్సు వారికి అందింపవలెను. ఆ మనిషి బ్రతికెనో లేదో తెలియకమునుపే మరియొక ఫోను మ్రోగును. రాత్రి విధులు, ఆకతాయి పిలుపులు సరేసరి. ఈ భారము మోయువారికి తగిన శిక్షణ, విశ్రాంతి, గౌరవము కల్పించుట ప్రభుత్వ ధర్మము.

‘ఎక్కడ?’ అను ప్రశ్నకే రెండు ముఖములున్నవి. సహాయము పంపుటకు అడుగుట ఒకటి. ‘అది మా పరిధి కాదు’ అని త్రోసివేయుటకు అడుగుట రెండవది. 2019 నవంబరులో శంషాబాదు వద్ద ఒక యువ పశువైద్యురాలు కనబడనప్పుడు, పరిధి పేరిట తమను ఠాణా నుండి ఠాణాకు త్రిప్పిరని కుటుంబమువారు వాపోయిరి. కేసు నమోదులో జాప్యమునకు ముగ్గురు పోలీసులు సస్పెండు అయిరి. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, నేరము ఏ ప్రాంతమున జరిగినను ఫిర్యాదును నమోదు చేయవలెనని స్పష్టపరచినది. చట్టము మారినది, అడుగు గొంతు మారవలసి ఉన్నది. ఆ గొంతు రేపు మన విద్యార్థులది కావలెను.

కానిస్టేబులు పరీక్షకు ఇంటర్మీడియట్, సబ్ ఇన్‌స్పెక్టరు పరీక్షకు పట్టభద్రత అర్హతలు. కాని ఈ పనికి అసలైన అర్హత తరగతిగదిలోనే లభించును. శ్రద్ధగా వినుట, విన్నది తప్పులేక వ్రాయుట, పటము చదువుట, క్లుప్తముగా మాటాడుట: ఇవి ఉక్తలేఖనమునందును, భూగోళమునందును ఉపాధ్యాయులు నిత్యము నేర్పునవియే. ప్రతి బాలునిచేత, ప్రతి బాలికచేత తానున్న గ్రామము, మండలము, దగ్గరి రోడ్డు, కాలువ, గుడి పేర్లు ఒక్క వాక్యములో చెప్పింపుడు. వారిలో కొందరు ఆ ఉద్యోగమున చేరి ‘ఎక్కడ?’ అని అడుగుదురు. తక్కినవారందరును ఎప్పుడో ఒకనాడు ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసినవారే.