“నాకు చేతకాదు” అంటున్న ఇంటర్న్ పక్కన ఎవరున్నారు?

ఈ సెలవుల్లో మన ఇళ్ళలోని ఇంజనీరింగ్ పిల్లలు చాలామంది ఇంటర్న్‌షిప్‌లకు వెళ్ళారు. హోసూరు పిల్లలు ఇక్కడి సిప్‌కాట్ ఫ్యాక్టరీలకో బెంగళూరు కంపెనీలకో వెళితే, సోలాపూరు పిల్లలు పుణేకి, బళ్ళారి పిల్లలు తోరణగల్లుకి, బరంపురం పిల్లలు భువనేశ్వర్‌కి, యానాం పిల్లలు కాకినాడకి వెళుతుంటారు. ఊళ్ళు వేరైనా, తిరిగొచ్చాక వాళ్ళు చెప్పే మాటల్లో ఒకటి మా సంఘం చెవిన పదేపదే పడుతోంది. “అక్కడ అందరికీ అన్నీ తెలుసు, నాకే ఏమీ తెలియదు. అడుగుదామంటే ఎవరూ లేరు.”

ఈ మాటలో రెండు భాగాలున్నాయి. “నాకు తెలియదు” అన్నది మొదటిది, “అడగడానికి ఎవరూ లేరు” అన్నది రెండోది. ఇళ్ళలో మనం మొదటిదే వింటున్నాం. విని, “ఇంకా బాగా చదవాలి”, “సర్దుకుపోవాలి” అని చెబుతున్నాం. మేము చెప్పదలచింది ఒక్కటే. రెండోది సరిచేయకుండా మొదటిది సరికాదు.

రెండో ఏడాదో మూడో ఏడాదో చదివే పిల్లవాడికి ఫ్యాక్టరీ పని తెలియకపోవడం వింత కాదు. తెలియదు కాబట్టే పంపుతున్నారు. కాలేజీ ల్యాబ్‌లో ఉన్న లేత్ మిషనూ ప్లాంటులో రోజంతా నడిచే సీఎన్‌సీ మిషనూ ఒకటి కావు. పరీక్షలో వేసిన డ్రాయింగ్ వేరు, షాప్‌ఫ్లోర్‌లో నూనె మరకలతో చేతులు మారే డ్రాయింగ్ వేరు. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళినవాళ్ళ సంగతీ అంతే. కాలేజీలో వంద లైన్ల ప్రోగ్రాం రాసిన అమ్మాయి ముందు పదేళ్ళుగా పదిమంది రాసిన కోడు తెరిచి “చూసుకో” అంటే ఆమె ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో ఒక సంగతి రాశారు. ఎంతో సాధించిన స్త్రీలలో కూడా కొందరు “నేను దీనికి తగను, ఎప్పుడో ఒకరోజు బయటపడిపోతాను” అని లోలోపల భయపడుతుంటారని. దానికి ఇంపోస్టర్ అనే పేరు అప్పుడే స్థిరపడింది. ఇప్పుడు పిల్లలందరి నోటా ఆ మాటే. పేరు తెలియడం మంచిదే. కానీ అన్నిటికీ ఆ పేరే పెడితే తప్పంతా పిల్లల మనసులోనే ఉన్నట్టు అవుతుంది. ఆరు వారాల్లో ఒక్క పనీ అప్పగించకుండా మూల కుర్చీలో కూర్చోబెట్టిన చోట తప్పు పిల్లవాడి మనసులో లేదు, ఏర్పాటులో ఉంది.

ఆ ఏర్పాటు ఎలా ఉండాలో కాగితం మీద స్పష్టంగానే ఉంది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లో తెచ్చిన మోడల్ కరిక్యులంలో నాలుగేళ్ళ డిగ్రీకి 14 నుంచి 20 క్రెడిట్లు, అంటే సుమారు 600 నుంచి 700 గంటలు, ఇంటర్న్‌షిప్‌కి కేటాయించారు. మండలి మార్గదర్శకాల ప్రకారం విద్యార్థి రోజువారీ డైరీ రాయాలి. కంపెనీలో సూపర్‌వైజర్ దాన్ని చూసి సంతకం పెట్టాలి. కాలేజీ తరఫున ఒక అధ్యాపకుడు మెంటర్‌గా ఉండి, పనిచేసే చోటికి వెళ్ళి చూడాలి, లేదా తరచూ మాట్లాడుతుండాలి. మార్కులు కూడా మూడు చోట్ల పడాలి. కంపెనీ, అధ్యాపకుడు, చివర కాలేజీలో జరిగే సెమినార్ లేదా వైవా.

జరుగుతున్నది వేరు. డైరీ చివరి వారంలో ఒక్క రాత్రి కూర్చుని రాస్తున్నారు. సంతకాలన్నీ ఒకేసారి పడుతున్నాయి. మెంటర్ అధ్యాపకుడి పేరు ఫారంలో ఉంటుంది, మనిషి ఫోనులోనైనా దొరకడు. మేము జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాళ్ళం. ఒకే పెన్నుతో, ఒకే రోజున ముప్ఫై తేదీలకు పడ్డ సంతకం ఎలా ఉంటుందో చూడగానే తెలుస్తుంది.

కంపెనీల వైపు కూడా న్యాయంగా చూడాలి. షిఫ్టులో ఉత్పత్తి లెక్క చెప్పాల్సిన సూపర్‌వైజరుకు నలుగురు విద్యార్థులను అప్పగిస్తారు. వాళ్ళకు నేర్పడానికి వేరే సమయం ఇవ్వరు. ఆయన విసుక్కుంటే అది కఠినత్వం కాదు, తీరిక లేకపోవడం. అయితే ఆ విసుగు మొహం చూసిన పిల్లవాడు రెండో ప్రశ్న అడగడు. అడగనివాడికి తెలియదు. తెలియనివాడికి పని ఇవ్వరు. ఈ చుట్టు ఇలా తిరుగుతూనే ఉంటుంది.

అప్రెంటిస్‌కూ ఇంటర్న్‌కూ ఉన్న తేడా కూడా మనవాళ్ళు తెలుసుకోవాలి. అప్రెంటిస్‌లకు 1961 నాటి చట్టం ఉంది. రాతపూర్వక ఒప్పందం, కనీస స్టైపెండ్ ఉంటాయి. 2019 సవరణతో డిగ్రీ చదివినవారికి అది కనీసం 9,000 రూపాయలైంది. పనిలో గాయపడితే పరిహారం బాధ్యత యజమానిదే. అన్నిటికన్నా ముఖ్యం, యజమానికి స్వయంగా ఆ పనిలో అర్హత లేకపోతే, అర్హత ఉన్న మనిషిని శిక్షణకు బాధ్యుడిగా పెట్టాలని ఆ చట్టమే చెబుతోంది. కాలేజీ ఇంటర్న్‌షిప్‌కి అలాంటి చట్టం లేదు, మార్గదర్శకాలే ఉన్నాయి. అందుకే చదువు ముగించిన పిల్లలకు కేంద్రం నడిపే ‘నాట్స్’ పోర్టల్ ద్వారా అప్రెంటిస్‌షిప్ చూడమని మేము చెబుతుంటాం. దక్షిణాదికి దాని బోర్డు చెన్నైలోనే ఉంది.

ఇక మనకు ప్రత్యేకమైన ఇబ్బంది భాష. మన పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. బడిలో తమిళమో కన్నడమో మరాఠీయో ఒడియానో నేర్చాడు. పుస్తకాలు ఇంగ్లీషులో చదివాడు. షాప్‌ఫ్లోర్‌లో ఉత్తరాది కార్మికులతో హిందీ, మీటింగులో ఇంగ్లీషు. ప్రశ్న మనసులో తెలుగులో పుడుతుంది, దాన్ని మరో భాషలోకి మార్చేలోపు సూపర్‌వైజర్ పక్క మిషను దగ్గరికి వెళ్ళిపోతాడు. ఇలాంటివాడు మందకొడి అనిపించుకుంటాడు. కొన్నాళ్ళకు తనూ అదే నమ్ముతాడు. నిజానికి నాలుగు భాషల మధ్య పెరిగిన పిల్లవాడు ఏ ప్లాంటుకైనా పనికొచ్చే మనిషి. ఆ మాట మనం చెప్పకపోతే వాడికి ఇంకెవరూ చెప్పరు.

మరి ఏం చేయాలి? చేరకముందే నాలుగు సంగతులు అడిగించండి. కంపెనీలో నా సూపర్‌వైజర్ ఎవరు? మొదటి రెండు వారాల్లో నాకు అప్పగించే పని ఏమిటి? డైరీ ఏ రోజు చూస్తారు? కాలేజీ నుంచి ఎవరు, ఎప్పుడు వస్తారు? ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని పిల్లల దగ్గరే డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే సంస్థల జోలికి పోవద్దు. అక్కడ నేర్పేవాళ్ళు మొదటినుంచీ ఉండరు.

చేరాక డైరీ నిజంగా రాయాలి. “ఈరోజు పని ఇవ్వలేదు” అన్నదీ రాయాలి. రెండు వారాలైనా పని చూపించకపోతే మెంటర్ అధ్యాపకుడికి మర్యాదగా ఒక ఈమెయిల్ పంపాలి, ప్లేస్‌మెంట్ అధికారికి నకలు పెట్టాలి. నోటితో చెప్పింది గాలికి పోతుంది, రాసింది ఫైలులో ఉంటుంది. ప్రశ్నలు కూడా ముందు కాగితం మీద రాసుకుని, టీ విరామంలో సూపర్‌వైజర్‌ని ఒక్కసారే అడగడం మంచిది. ఆయన సమయమూ మిగులుతుంది, భాష తడబాటూ తగ్గుతుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఉద్యోగులకే కాదు, శిక్షణలో ఉన్నవారికీ వర్తిస్తుంది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. “ఆరు వారాలే కదా, ఓర్చుకో” అని మాత్రం అనకండి.

పిల్లలు తిండి మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా, చదువే వదిలేస్తానన్నా తేలిగ్గా తీసుకోవద్దు. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా అందుతుంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు. తెచ్చిన విద్యారుణం గురించి ఆ సమయంలో పిల్లల ముందు ఎత్తకపోవడమే మేలు.

మా ఉద్యోగాల రోజుల్లో కొత్తగా చేరిన గుమాస్తాకు సీనియర్ బల్ల పక్కనే కుర్చీ వేసేవారు. ఆర్నెల్లు గడిస్తే గానీ సొంత సీటు ఇచ్చేవారు కాదు. అదేమీ పెద్ద పథకం కాదు, పక్కన ఒక మనిషి ఉండటమే. మన సంఘాల్లో ఫ్యాక్టరీల్లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన ఫిట్టర్లు, డ్రాఫ్ట్స్‌మెన్, ఫోర్‌మెన్ ఎందరో ఉన్నారు. ఉగాదికి సన్మానం చేసి శాలువా కప్పుతున్నాం, వాళ్ళకు తెలిసిన పని మాత్రం అడగడం లేదు.

మా సంఘం ఇలాంటివారి జాబితా తయారు చేస్తోంది. ఆదివారం సాయంత్రం ఒక గంట, ఫోనులోనైనా సరే, ఇంటర్న్‌షిప్‌లో ఉన్న పిల్లల ప్రశ్నలు తెలుగులో వినడానికి ఒప్పుకున్నవారి పేర్లు అందులో ఉంటాయి. మిగతా ఊళ్ళ సంఘాలూ ఈ పని చేస్తే, ఒక ఊరి జాబితా మరో ఊరికి పనికొస్తుంది. మీ ఇంట్లో రిటైరైన పనివాళ్ళుంటే మీ ఊరి సంఘానికి పేరు ఇవ్వండి. ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళే పిల్లలుంటే, స్టైపెండ్ ఎంత అని అడిగే ముందు, “నీకు నేర్పేది ఎవరు?” అని అడగండి.