చట్టమెరుగని చుట్టములు

జనగణన వచ్చినప్పుడెల్ల ఉపాధ్యాయులు చేత కాగితములు పట్టుకొని ఇంటింటికి తిరుగుట మన దేశమున వాడుక. రాబోవు గణనకు, మంచు ప్రాంతములు మినహాగా, 2027 మార్చి 1వ తేదీని ప్రామాణిక దినముగా కేంద్ర ప్రభుత్వము 2025 జూన్‌లో ప్రకటించినది. ఈ పనిలో ఒకసారి పాల్గొన్నవారికి ఒక సంగతి గుర్తుండియే ఉండును. ఒక కుటుంబము ఎచట మొదలై ఎచట ముగియునో నిర్ణయించుటకు గణకుడు నెత్తురు సంబంధమును చూడడు. సాధారణముగా కలిసి నివసించుచు, ఒకే వంటయింట వండుకొని తినువారెవరని చూచును. వారు అన్నదమ్ములు కావచ్చును. ఏ చుట్టరికమును లేనివారును కావచ్చును. ఒక పొయ్యి, ఒక కుటుంబము.

ఇంత విశాలమైన నిర్వచనము చేసికొన్న ప్రభుత్వమే, లెక్క ముగిసి హక్కు మొదలగు చోట మాట మార్చుచున్నది. ఆసుపత్రిలోను, రిజిస్ట్రారు కార్యాలయములోను, శవాగారము వాకిటను పొయ్యిని గూర్చి ఎవరును అడుగరు. “మీరు ఆమెకు ఏమవుతారు?” అని అడుగుదురు. “స్నేహితురాలిని” అన్న సమాధానము అచట చెల్లదు.

నేనెరిగిన ఒక కోస్తా పట్టణమున ముగ్గురు స్త్రీలు ఒక ఇంట నివసించిరి. ఇద్దరు ఉపాధ్యాయినులు, ఒకరు నర్సు. ఒకామె పెండ్లి చేసికొనలేదు. ఒకామె పిన్న వయస్సుననే భర్తను పోగొట్టుకొన్నది. ఒకామె కాపురము విడిచి వచ్చినది. ఉద్యోగపు తొలినాళ్ళలో అద్దె కలిసివచ్చునని ఒకచోట చేరిరి. ముప్పది రెండేండ్లు విడిపోలేదు. ఒకరి జీతము ఆగినప్పుడు తక్కిన ఇద్దరి జీతముతో ఇల్లు గడిచినది. నర్సు రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చు వేళకు, ఎవరో ఒకరు అన్నముపై మూత పెట్టి మేలుకొని ఉండెడివారు. వీధిలోని పిల్లలకు వారు పెద్దపిన్ని, నడిపిపిన్ని, చిన్నపిన్ని. వారి పెరటి గోంగూర రుచి చూడని ఇల్లు ఆ వీధిలో లేదు.

సొంత ఇల్లు కట్టుకొనునప్పుడు బ్యాంకు అప్పు పెద్దామె పేర దొరకినది. వాయిదాలు ముగ్గురును కట్టిరి. దస్తావేజు మాత్రము ఒక్క పేరననే నిలిచినది. కొన్ని సంవత్సరములకు పెద్దామెకు పక్షవాతము వచ్చి మాట పడిపోయినది. శస్త్రచికిత్సకు దగ్గరి బంధువు సంతకము కావలెనని ఆసుపత్రివారు పట్టుబట్టిరి. ఎన్నడో గతించిన అన్నగారి కుమారుడు వేరొక రాష్ట్రమునుండి మరునాటి సాయంత్రమునకు వచ్చి సంతకము చేసెను. అతడు చెడ్డవాడు కాడు. రోగి ఏయే మందులు వాడుచున్నదని డాక్టరు అడిగినప్పుడు అతడు ప్రక్కకు తిరిగి, “అత్తయ్యగారూ, మా అత్తకు ఏ మందు పడదో మీరే చెప్పండి” అనెను. సంతకమునకు అర్హుడైనవానికి సమాధానము తెలియదు. సమాధానము తెలిసినవారికి సంతకమునకు అర్హత లేదు.

పదునొకండు దినములకు ఆమె మరణించినది. వీలునామా లేదు. ఇల్లు చట్టప్రకారము మేనల్లునికి సంక్రమించినది. “మీరు ఉన్నన్నాళ్ళు ఉండండి” అని అతడు ఆ ఇద్దరితో అనెను. అది అతని మర్యాద. కాని తాము వాయిదాలు కట్టిన ఇంటిలో తాము ఒకరి మర్యాదపై ఆధారపడి ఉండుట వారికి కష్టమైనది. ఏడాది తిరుగకమునుపే ఆ ఇద్దరును చిన్న అద్దె వాటాకు మారిరి. ఇందులో ఎవరి దోషమును లేదు. దోషము లేకుండగనే అన్యాయము జరిగినదనిన, వెదకవలసినది మనుష్యులలో కాదు, చట్టములో.

ఇట్టి కుటుంబములను గూర్చి మన న్యాయస్థానములు ఇటీవల మాటాడుట మొదలిడినవి. ప్రసూతి సెలవు నిరాకరింపబడిన ఒక నర్సు వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2022 ఆగస్టు 16న తీర్పు చెప్పుచు, తల్లి, తండ్రి, బిడ్డలు అను ఒకే మూసలో కుటుంబము ఇమడదనియు, మూసకు భిన్నమైన కుటుంబములకును చట్టరక్షణ ఉండవలెననియు పేర్కొన్నది. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము స్వలింగ వివాహమునకు చట్టబద్ధత ఇచ్చుటకు నిరాకరించినది. అటుపిమ్మట 2025 మే నెలలో, తల్లిదండ్రుల నిర్బంధమునుండి ఒక యువతిని విడిపించుమని ఆమె స్నేహితురాలు కోరగా, మద్రాసు హైకోర్టు ఒక అడుగు ముందుకు వేసినది. కుటుంబస్థాపనకు వివాహమొక్కటే మార్గము కాదనియు, మనుష్యులు తాము ఎన్నుకొన్న కుటుంబము అను భావము న్యాయశాస్త్రమున స్థిరపడినదనియు ఆ ధర్మాసనము చెప్పినది.

మంచి మాటలే. ఐనను ఈ తీర్పులు ఆయా వ్యాజ్యములకు సంబంధించినవి. నేను చెప్పిన ముగ్గురు దంపతులు కారు, ప్రేయసులు కారు, స్నేహితురాండ్రు మాత్రమే. వారి ఇంటి తలుపు వరకు ఈ తీర్పుల వెలుగు ఇంకను రాలేదు.

శాసనములను విప్పి చూచినచో చిత్రము స్పష్టమగును. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమున వీలునామా లేనివారి ఆస్తికి వారసుల వరుస కలదు. బిడ్డలు, భర్త లేక భార్య, తల్లిదండ్రులు, తోబుట్టువులు, వారి సంతతి, చూచి ఎరుగని దూరపు జ్ఞాతులు. ఎవ్వరును లేనిచో ప్రభుత్వము. ఆ వరుసలో చివరి పీట ప్రభుత్వమునకైనను ఉన్నది. ముప్పది రెండేండ్లు అన్నము పెట్టిన స్నేహితురాలికి పీటయే లేదు. 1952 నాటి భవిష్యనిధి పథకమున, కుటుంబము కల ఉద్యోగి ఆ కుటుంబమునకు వెలుపలివారిని నామినీగా పెట్టుటకు వీలులేదు. ఒక సంవత్సరములో మిత్రుడిచ్చిన కానుకలు 50,000 రూపాయలు దాటినచో ఆదాయపు పన్ను పడును. చట్టము పేర్కొన్న బంధువులిచ్చినవాటికి ఆ హద్దు లేదు.

ఐతే చట్టమునకు స్నేహము బొత్తిగా తెలియదనుట సరికాదు. 1994 నాటి అవయవమార్పిడి చట్టము, దగ్గరి బంధువు కానివారు సైతము ప్రేమాభిమానముల కారణముగా అవయవదానము చేయవచ్చునని, అధికార సంఘము అనుమతికి లోబడి, అంగీకరించినది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ఇంకను ఉదారమైనది. మైనరు కానివారెవరైనను తెల్లకాగితముపై వ్రాసి సంతకము చేసి, చికిత్స విషయమున తమకు తోడ్పడు ప్రతినిధిని నియమించుకొనవచ్చును; ఆ ప్రతినిధి బంధువే కానక్కరలేదు. మనస్సు జబ్బుపడినప్పుడు నమ్మదగిన స్నేహితుని, దేహము జబ్బుపడినప్పుడు నమ్మరాదనుట ఏ తర్కము? మూత్రపిండము ఇచ్చుటకు పనికివచ్చిన చెలిమి సంతకమునకు ఏల పనికిరాదు?

ఈ సందర్భమున తెలుగు బోధించువాడనగుటచే రెండు మాటల పుట్టుకను గూర్చి చెప్పక తప్పదు. దాయాది అను సంస్కృత పదములో ఉన్నది దాయము, అనగా పంచుకొను ఆస్తి. చుట్టము అను మన తెలుగు మాటలో నెత్తురును లేదు, ఆస్తియు లేదు. చుట్టును ఉండుట ఉన్నది. చుట్టును నిలిచినవాడు చుట్టము. బంధువన్నను ముడిపడినవాడనియే కాని, కలిసి పుట్టినవాడని కాదు. చుట్టరికము, నేస్తరికము అని భాష ఆ రెంటిని ఒకే ప్రత్యయముతో ఒకే వరుసలో కూర్చుండబెట్టినది. మన చట్టము దాయాదిని ఎరుగును; చుట్టమును ఎరుగదు.

పురాణము సైతము చుట్టము పక్షముననే ఉన్నది. రామాయణమున దశరథుని అంత్యక్రియలు జరుగునాటికి రాముడు అడవిలో ఉండెను. ఆ క్రియలు భరతుడు జరిపెను. కాని అదే రాముడు, తండ్రికి మిత్రుడైన జటాయువునకు చితి పేర్చి, బంధువునకు వలె దహనసంస్కారము చేసెను. ఒక పక్షికి, స్నేహముచేత, కర్మార్హత లభించినది. దీనిని విని చేతులు జోడించు మనము, శవాగారము వాకిట నిలిచిన స్నేహితురాలిని “మీరెవరు?” అని అడుగుచున్నాము.

ఇట్లనినచో రెండు ఆక్షేపణలు వచ్చును. స్నేహితులకు హక్కులిచ్చినచో కుటుంబవ్యవస్థ సడలునని మొదటిది. సంతానము లేని వృద్ధుని పోషణభారమును, అతని ఆస్తికి వారసులగు బంధువులపై 2007 నాటి వయోవృద్ధుల చట్టము మోపినది. హక్కుతోపాటు బాధ్యతను కూడ బంధువులు మోయుచున్నారనుట నిజమే. కాని ఇచట కోరుచున్నది వారినుండి లాగికొనుట కాదు. బాధ్యతను ఇదివరకే మోసినవారికి ఆ మేరకు హక్కు కలుగవలెననుటయే. రెండవది, స్నేహము ముసుగులో వృద్ధులను మోసగింతురను భయము. ఈ భయము నిరాధారము కాదు. ఐనను మోసము బంధువుల గుత్తసొత్తును కాదు, మిత్రుల గుత్తసొత్తును కాదు. సేవ చేయవలెనను షరతుతో ఆస్తి పొంది సేవ చేయనిచో, ఆ బదిలీని రద్దుచేయుటకు పైచట్టమే ట్రిబ్యునలునకు అధికారమిచ్చినది. పొందినవాడు బంధువా మిత్రుడా అను భేదము అందు లేదు.

ఇతర దేశములు ఈ చిక్కును విప్పుటకు యత్నించినవి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రము 2009లో ఒక చట్టము చేసినది. అవివాహితులగు ఇద్దరు వయోజనులు ఒక పత్రముపై సంతకము చేసి, ఆసుపత్రిలో చూచు హక్కు, చికిత్సానిర్ణయము, వారసత్వము మున్నగువానిలో వేనిని ఒకరికొకరు ఇచ్చుకొనుచున్నారో ఎంచుకొనవచ్చును. పెండ్లి అక్కరలేదు. ఆ మార్గము మనకును తగినదే. కాని ఇద్దరికి మాత్రమే అను హద్దు మన కథలోని మూడవ స్త్రీని మరల వీధిలో నిలబెట్టును. కావున మన శాసనసభ్యులు దానిని అనుకరింపక, జనగణన నిర్వచనమునే ఆధారముగా గైకొనుట మేలు. ఒక పొయ్యి వద్ద చేరినవారు, ఎందరైనను, ఇష్టపూర్వకముగా నమోదు చేసికొని, మరల ఇష్టమైనప్పుడు రద్దు చేసికొనగల పత్రము ఒకటి ఉండవలెను.

అట్టి చట్టము వచ్చువరకు చేతులు ముడుచుకొనవలసిన పనిలేదు. స్వార్జితమును ఎవరికైనను వీలునామా వ్రాయవచ్చును. దానికి స్టాంపు కాగితము అక్కరలేదు, రిజిస్ట్రేషను నిర్బంధము కాదు, ఇద్దరు సాక్షులు చాలును. ఇల్లు కొనునప్పుడు డబ్బు పెట్టినవారందరి పేర్లును దస్తావేజులో ఉండవలెను. బ్యాంకు డిపాజిట్లకు 2025 నవంబరు 1 నుండి నలుగురి వరకు నామినీలను పెట్టుకొను వీలు కలిగినది. స్నేహితులకు అందు నిషేధము లేదు. ఐతే నామినీ సొమ్ము అందుకొనువాడే కాని సాధారణముగా సొంతదారు కాడు. కనుక వీలునామా తప్పదు. ఆ ముగ్గురును ఒక సాయంత్రము కూర్చుండి ఒక కాగితము వ్రాసికొనినచో ఇల్లు నిలిచెడిది. అడుగగా నడిపిపిన్ని నాతో, “మాలో మాకు కాగితాలేమిటి నాయనా అనుకున్నాం” అనినది. నమ్మకము గలచోటనే కాగితము వ్రాయుట మరతుము.

ఉపాధ్యాయ మిత్రులు గణనకు వెళ్ళినప్పుడు ఇట్టి ఇల్లు ఒకటి తప్పక ఎదురగును. కుటుంబపెద్దతో సంబంధము అను గడిలో, బంధుత్వము లేదని వ్రాయవలసి వచ్చును. నియమము కనుక వ్రాయుదురు గాక. వ్రాసి లేచి వచ్చుటకు ముందు ఒక నిమిషము ఆగి, “ఇల్లు ఎవరి పేరున ఉన్నదమ్మా? వీలునామా వ్రాసుకున్నారా?” అని అడుగుడు. ఆ ప్రశ్న గణన పత్రములో లేదు. ఐనను ఆ ఇంటికి మీరు చేయగల గొప్ప ఉపకారము అదియే.