పిల్లికి పడని నూనెలు: పాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి, ఔషధ నియంత్రణ పరిపాలన సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి, పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల కలెక్టర్లకు:

వానలు పడి ఉక్క పెరిగిందంటే మా ఇండ్లలో పిల్లుల ఒంటిమీద దుంకే పేలు కనబడతాయి. పిల్లి ఆగకుండా గోక్కుంటుంటే ఇంటివాళ్ళు చేతికందిన సీసా తీస్తారు. ఒకరు నీలగిరి తైలం, ఒకరు లవంగ నూనె, ఇంకొకరు కర్పూరం కలిపిన కొబ్బరినూనె, ఫోన్లో చూసి తెప్పించుకున్న టీ ట్రీ నూనె మరొకరు. "మందు కాదు గదా, చెట్టు నూనెనే, ఏమైతది?" అన్నది అందరి ధీమా. ఆ ధీమా తప్పని వాళ్ళకు చెప్పవలసినవారు చెప్పలేదు. అందుకే ఈ లేఖ వాళ్ళకు కాదు, మీకు.

మనిషి కాలేయం ఫినాల్ జాతి పదార్థాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ముఖ్యమైన ఎంజైము పిల్లిలో పనిచేయదు. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ గోళీ ఒక్కటే పిల్లి ప్రాణం తీయగలగడం ఇందువల్లనే. ఘాటైన నూనెల్లోని చాలా పదార్థాలూ దాని ఒంట్లో అట్లాగే నిలిచిపోతాయి. పైగా పిల్లి ఒళ్ళంతా నాక్కుంటుంది కాబట్టి పొద్దున వీపుకు రాసింది సాయంత్రానికి కడుపులోకి చేరుతుంది. ఆ తరువాత చొంగ కారుతుంది, నడక తూలుతుంది, వణుకు పుడుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని జంతు విషప్రమాదాల కేంద్రానికి 2002 నుంచి 2012 వరకు, కలపని టీ ట్రీ నూనె తగిలిన కుక్కలు, పిల్లుల కేసులు 443 వచ్చాయి. అందులో పిల్లులు 106. ఆ దేశంలోనే కొన్ని మొక్కల నూనెలకు పురుగుమందుల రిజిస్ట్రేషన్ అక్కరలేదని మినహాయింపు ఇచ్చారు. అట్లాంటి "సహజ" పేల మందులు తగిలినట్టు కబురు వచ్చిన 39 పిల్లులను, 9 కుక్కలను పరిశీలించి 2012లో ఒక అధ్యయనం వెలువరించారు. వాటిలో 92 శాతానికి ఏదో ఒక దుష్ప్రభావం కనబడింది. ఎక్కువమంది సీసామీద రాసినట్టే వాడారు కూడా.

మన దగ్గర చట్టం లేదని అనలేం. 1940 నాటి ఔషధాల చట్టం పశువుల మందులకూ వర్తిస్తుంది, జంతువులకు వాడే ఆయుర్వేద మందులూ దాని కిందికే వస్తాయి. పశువుల మందు సీసామీద "మనుషులకు కాదు, పశువుల చికిత్సకు మాత్రమే" అన్న అర్థం వచ్చేలా రాయాలని, ఒక పెంపుడు జంతువు తల బొమ్మ వేయాలని 1945 నియమాల్లో ఉంది. కాని బర్రెకు సరిపడేది పిల్లికి విషం కావచ్చునని ఆ బొమ్మ చెప్పదు. పిడుదులకు పశువుల మీద కొట్టే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, కుక్కలకు వాడే పెర్మెత్రిన్ పిల్లి నరాలను దెబ్బతీస్తాయి. ఇంట్లో బర్రె, కుక్క, పిల్లి మూడూ ఉన్నప్పుడు ఒకే సీసా మూడింటికీ తిరగడం ఎంతసేపు?

అసలు పిల్లిమీద కనబడే పేలు మొత్తం దండులో కొద్ది భాగమే. ఆడపేను రోజుకు నలభై, యాభై గుడ్లు పెడుతుంది. అవి పిల్లి బొచ్చులోంచి జారి నేల నెర్రెల్లో, గోనెసంచుల కింద, మంచం మూలల్లో పొదుగుతాయి. పొదిగిన పురుగు గూడు కట్టుకుని అందులో నెలల తరబడి ఆగి ఉండగలదు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లలో నూలు కండెల దగ్గర, జగిత్యాలలో రైసుమిల్లుల్లో ఎలుకల కోసం తిరిగే పిల్లుల చుట్టూ అట్లాంటి చీకటి మూలలు ఎన్నో. పిల్లికి ఎంత నూనె రాసినా ఆ మూలల్లోని పురుగు చావదు. పిల్లి చచ్చినా పేలు మిగులుతాయి.

"పాడిపశువులకే మందులు సరిపోవడం లేదు, పిల్లులకెక్కడ తేవాలి?" అని మీ కార్యాలయాల్లో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా ఊళ్ళకు బర్రెలు, గొర్రెలు, మేకలే ముందు. కాని ఈ పేలు మనుషులనూ కుడతాయి. వాటివల్ల ఒక రకం బద్దెపురుగు, ఒక రకం టైఫస్ జ్వరం మనుషులకు రావచ్చు. పిల్లితో ఆడేది ఇంట్లో చిన్నపిల్లలే. పైగా మేమడిగే వాటిలో డబ్బు పెద్దగా ఖర్చయ్యేది ఏదీ లేదు.

ఒకటి: పేలు, పిడుదులు పోతాయని చెప్పి అమ్మే ప్రతి సీసామీద, అది మొక్కలదైనా సరే, పిల్లులకు వాడవచ్చా లేదా అన్నది తెలుగులో, కంటికి కనబడే అక్షరాల్లో ఉండాలి. ఆన్‌లైన్ అమ్మకాలకూ ఇదే షరతు పెట్టాలి.

రెండు: జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల ప్రభుత్వ పశువైద్యశాలల్లో పిల్లులకు సరిపడే ఫిప్రోనిల్, సెలామెక్టిన్ వంటి మందులు కొద్దిగానైనా నిలవ ఉంచాలి. వాటిని తూకం చూసి డాక్టరే వేయాలి.

మూడు: కోరుట్లలో పశువైద్య కళాశాల ఉండడం మా అదృష్టం. ఆ విద్యార్థులను, అధ్యాపకులను వానకాలంలో సిరిసిల్ల నేతవాడలకు, జగిత్యాల బస్తీలకు పంపి చిన్న జంతువుల శిబిరాలు పెట్టించండి.

నాలుగు: మందుల దుకాణాల్లో, పశువైద్యశాలల గోడలమీద ఒక్క కాగితం అంటించండి. పిల్లికి ఘాటు నూనెలు, కిరోసిన్, ఫినాయిల్, పొలం మందులు పెట్టొద్దు. పొరపాటున రాస్తే గిన్నెలు తోమే సబ్బుతో, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, సీసా వెంట పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. వాంతి చేయించవద్దు. కూనలకైతే సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, దువ్వెనను సబ్బునీళ్ళలో ముంచడమే మేలు. ఇల్లు ఊడ్చి, పిల్లి పడుకునే బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. ఇంతే రాస్తే చాలు.

అయ్యా, జనం నూనె సీసా పట్టుకున్నది పిల్లిమీద ప్రేమతోనే. సరైన మందు దగ్గర్లో దొరికి, తప్పు సీసామీద హెచ్చరిక ఉంటే ఆ ప్రేమ పిల్లిని బతికిస్తుంది. వచ్చే వానకాలం లోపు ఈ నాలుగింటిలో కనీసం ఆ గోడకాగితంతోనైనా పని మొదలుపెట్టమని మా విన్నపం.

ఇట్లు,
జగిత్యాల నుంచి పిల్లులను పెంచుకునే ఒక పౌరుడు