సముద్రం మీద గీతకు ఐదేళ్ల విచారణ.. మన అడవి మీద గీతకు?

మార్కాపురంలో ఉన్నవాళ్లు సముద్రం చూడాలంటే ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోవాలి. గిద్దలూరు వాళ్లకు ఇంకా దూరం. అట్లాంటప్పుడు సముద్రం అడుగున ఉన్న గ్యాసు కోసం దేశాలు కొట్లాడుకుంటే నల్లమల పిల్లలకేం పని అని మీరు అడగొచ్చు. పని ఉంది. నేల కింద విలువైనది ఉందని తెలిసిన రోజు ఆ నేల ఎవరిదనే ప్రశ్న ఎట్లా లేస్తుందో, అప్పుడు ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవాలంటే ఈ గొడవలే మంచి పాఠం.

ముందు సంగతి చెప్పుకుందాం. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 370 కిలోమీటర్ల వరకు చేపల మీద, చమురు మీద, గ్యాసు మీద ఆ తీరమున్న దేశానికే హక్కు. పక్కపక్క దేశాలైతే ఈ హద్దులు ఒకదాని మీద ఒకటి పడతాయి. నీళ్లలో హద్దురాయి పాతలేం కదా. అడుగున ఏమీ లేదనుకున్నంత కాలం ఎవరూ పట్టించుకోరు. గ్యాసు ఉందనే ఆశ పుట్టగానే గీత కావాలంటారు. వియత్నాం ఇచ్చిన బ్లాకులో మన ఓఎన్‌జీసీ విదేశ్ అన్వేషణకు దిగితే, 2011లో చైనా అభ్యంతరం పెట్టింది ఇందుకే.

మన బంగాళాఖాతంలోనూ ఇదే జరిగింది. 2008 నవంబరులో మయన్మార్ తరఫున గ్యాసు వెతకడానికి ఓడలు వస్తే, అది మా నీళ్లని బంగ్లాదేశ్ యుద్ధనౌకలను పంపింది. అటు భారత్‌తోనూ దానికి హద్దు గొడవ ఉంది. 1970 తుపాను తర్వాత సముద్రంలో తేలిన ఒక చిన్న ఇసుక దిబ్బను మనవాళ్లు న్యూ మూర్ అన్నారు, వాళ్లు దక్షిణ తల్పట్టి అన్నారు. మాదంటే మాదని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ దిబ్బ 2010 నాటికి మళ్లీ నీళ్లలో మునిగిపోయింది. గొడవ మాత్రం మునగలేదు.

ఇక్కడ బంగ్లాదేశ్ చేసిన పని గమనించండి. 2009 అక్టోబరులో అది భారత్ మీద, మయన్మార్ మీద ఒకేసారి కేసులు వేసింది. మా తీరం లోపలికి వంగి ఉంది, మామూలు లెక్కన గీత గీస్తే రెండు వైపుల నుంచీ నొక్కుకుపోతాం అని వాదించింది. పటాలు, సర్వేలు, పాత కాగితాలు అన్నీ ముందు పెట్టింది. భారత్ కేసు విన్న ఐదుగురు న్యాయనిర్ణేతల్లో మన తెలుగు పేరున్న పెమ్మరాజు శ్రీనివాసరావు కూడా ఉన్నారు. వాళ్లు గదిలో కూర్చుని తేల్చేయలేదు. 2013 అక్టోబరులో ఆ చోటికే వచ్చి చూశారు. 2014 జులై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. చిన్న దేశం పెద్ద దేశాన్ని విచారణకు పిలిచింది. పెద్ద దేశం వచ్చి కూర్చుంది, తీర్పును ఒప్పుకుంది. ఇందులో మన దేశానికీ గౌరవమే ఉంది.

గీత తేలని చోట ఏమవుతుందో ఇప్పుడు చూడండి. గుజరాత్ కచ్‌కూ పాకిస్తాన్ సింధ్‌కూ మధ్య సర్ క్రీక్ అనే 96 కిలోమీటర్ల ఉప్పునీటి పాయ ఉంది. హద్దు పాయ నడిమధ్యన అని భారత్, తూర్పు గట్టున అని పాకిస్తాన్. ఆ గీత కాస్త జరిగితే దాని ముందున్న సముద్రంలో హద్దంతా జరుగుతుంది, అడుగున ఉండొచ్చనుకుంటున్న చమురూ గ్యాసూ చేతులు మారతాయి. అందుకే ఇప్పటికీ తెగలేదు. ఆ తెగని సముద్రంలో దొరికిపోయేది మంత్రులు కాదు. పొట్టకూటికి గుజరాత్ వలసపోయి పడవలెక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వాళ్లలో 20 మంది కరాచీ జైలులో ఏడాదికి పైగా ఉండి 2020 జనవరిలో వాఘా దగ్గర బయటపడ్డారు. 'తండేల్' సినిమా చూసినవాళ్లకు ఈ కథ తెలుసు. చమురు వాటా కోసం గీత తేల్చకుండా ఉంచింది ఒకరు, జైలుకు పోయింది ఇంకొకరు.

మన తీరానికే వద్దాం. రాజ్యాంగం 297వ అధికరణ ప్రకారం సముద్రం అడుగున ఉన్న ఖనిజ సంపద కేంద్రానిది. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ బ్లాకూ రిలయన్స్ బ్లాకూ పక్కపక్కనే ఉన్నాయి. మా గ్యాసు వాళ్ల బావిలోకి పోయిందని ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. గ్యాసుకు గీత తెలియదు కాబట్టి ఆ గొడవ నిపుణుల నివేదికలు, కమిటీలు, ఆర్బిట్రేషన్ అంటూ ఏళ్లకేళ్లు నడిచింది. అదే 2014లో, జూన్ 27న, కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. పది రోజుల తర్వాత బంగాళాఖాతం తీర్పు వచ్చింది. దేశానికి దేశంతో తగువైతే ట్రిబ్యునల్ ఉంది. కంపెనీకి కంపెనీతో తగువైతే హైకోర్టు ఉంది. పైపు పక్కన ఇల్లున్న మనిషిని ఇది ఇటు పోవచ్చా అని ముందుగా అడిగే చోటు మాత్రం లేదు.

దేశానికి ఇంధనం అవసరమే, మనం వాడే ముడి చమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా బయటి నుంచే కొంటున్నాం అంటారు. నిజమే. కానీ అవసరం ఉందని పొరుగు దేశపు నీళ్లలో అడక్కుండా బావి తవ్వం కదా. ఆ మర్యాద లోపలి మనిషికి ఎందుకు దక్కదన్నదే నా ప్రశ్న.

ఆ ప్రశ్న నల్లమల దాకా వస్తుంది. మన అడవి కింద కూడా వెతకాలని చూశారు. కృష్ణకు అవతల అమ్రాబాద్ అడవిలో యురేనియం సర్వేకు 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అంది. చెంచు పెంటల నుంచి హైదరాబాద్ దాకా జనం లేచాక ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అవతలి గట్టున ఉన్నది ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇవతల మన పశ్చిమ ప్రకాశం చెంచు గూడేలు షెడ్యూలు ప్రాంతంలో లేవు. 1997 సమతా తీర్పు, పెసా చట్టం ఇక్కడ మనల్ని కాపాడవు. అడవి ఒకటే, చుట్టాలు ఒకటే, తెగ ఒకటే. గీతకు ఇటువైపు పుట్టినందుకు హక్కు తగ్గింది.

మనకు మిగిలిన గట్టి ఆధారం 2006 అటవీ హక్కుల చట్టం. షెడ్యూలు ప్రాంతం కాకపోయినా అది వర్తిస్తుంది, టైగర్ రిజర్వు లోపల కూడా వర్తిస్తుంది. ప్రాచీన ఆదివాసీ తెగల ఆవాస హక్కును అది పేరుపెట్టి చెప్పింది. ఒడిశాలో నియమగిరి డోంగ్రియా కోందులు 2013లో 12 గ్రామసభల్లో బాక్సైట్ తవ్వకం వద్దన్నది ఈ చట్టం బలంతోనే. ఆ ఏడాది సుప్రీంకోర్టే గ్రామసభల్ని అడగమంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బంగ్లాదేశ్ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటే. ఎవరో వచ్చి తవ్వడం మొదలుపెట్టేదాకా ఆగకుండా మన గీత మనమే ముందు గీయాలి, రుజువులతో గీయాలి. పోడు పట్టా ఇంటింటికీ వస్తే చాలనుకోవద్దు. ఊరుమ్మడి అడవికి ఫారం సి ఉంది. తేనె తీసే కొండ, జిగురు ఏరే చెలక, నీటి చెలమ, దేవుడి గుండు, పెద్దల సమాధులు, అన్నీ పటం మీదికి ఎక్కాలి. ముసలివాళ్లు చెప్పింది రాసి సంతకం పెట్టిస్తే అది కూడా చట్టం ఒప్పుకున్న రుజువే. ఫోనులో జీపీఎస్ ఉంది, మీకు చదువుంది. అమ్మమ్మ, తాత ఇంకా ఉండగానే ఆ పని చేయండి.

మార్కాపురం పలక మీద రాసింది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఇన్నేళ్లూ అడవి మీద మన హక్కు అట్లాగే ఉంది, నోటి మాటగా. మీ గూడెంలో అటవీ హక్కుల కమిటీ ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు కూర్చుంది? ఈ ఆదివారం వెళ్లి అడగండి. లేదంటే గ్రామసభ పెట్టమని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి.

జై ఆదివాసీ.