కారు ఇన్సూరెన్స్: పెద్ద కంపెనీయా, మన ఊరి ఏజెంటా?



'ఫోన్‌లో పెద్ద కంపెనీ పాలసీ తక్కువకే వస్తుంటే ఊళ్లో ఏజెంట్ ఎందుకు?' అని కొందరు అడుగుతారు. 'రేపు బండి గుద్దుకుంటే ఫోన్‌లో అమ్మినవాళ్లు వస్తారా?' అని మరికొందరు అంటారు. లెక్కలు చెప్పే టీచర్‌గా నాకనిపించేది ఒకటే: కంపెనీ సైజు కన్నా క్లెయిమ్ రోజున మనకు ఏం అందుతుందో చూడాలి.

మొదట ఒక మాట. కారు ఇన్సూరెన్స్‌లో జిల్లాకో కంపెనీ ఉండదు. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ వంటి ప్రభుత్వ సంస్థలైనా, ప్రైవేటు సంస్థలైనా ఐఆర్‌డీఏఐ అనుమతితోనే నడవాలి. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. 'లోకల్' అంటే మన ఊళ్లోని బ్రాంచి, లేదా ఏజెంట్ అన్నమాట.

థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో వచ్చిన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కారుకు 3,416 రూపాయలు, పన్ను అదనం. ఎవరి దగ్గర కొన్నా ఇదే. తేడా వచ్చేది మన బండి డ్యామేజీకి కట్టే భాగంలోనే. అక్కడ ధర బాగా తగ్గిందంటే ఐడీవీ తగ్గించారేమో, జీరో డిప్రిసియేషన్ తీసేశారేమో చూడండి. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖర్చులో సగం మనమే భరించాలి.

తర్వాత గ్యారేజీ. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. క్యాష్‌లెస్ గ్యారేజీ అక్కడే ఉంటే దెబ్బతిన్న బండిని అంతదూరం లాగించాలి, లేదా ఇక్కడే ముందు మన డబ్బు పెట్టుకోవాలి. కాబట్టి 'మా ఊళ్లో ఏ గ్యారేజీలో క్యాష్‌లెస్ ఉంది?' అని పాలసీ కొనకముందే అడగండి. సరైన జవాబు చెప్పి, క్లెయిమ్ కాగితాల దాకా వెంట ఉండే ఏజెంట్ దొరికితే నాలుగైదు వందలు ఎక్కువైనా నేను ఆయన వైపే. అయితే డబ్బు నేరుగా కంపెనీ పేరిటే కట్టండి. పాలసీ నంబరు నిజమైనదో కాదో కంపెనీ సైట్‌లో మీరే సరిచూసుకోండి.

కంపెనీ మారితే నో క్లెయిమ్ బోనస్ పోతుందని భయపడకండి. అది కారుది కాదు, యజమానిది, మీతోపాటే వస్తుంది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం తగ్గింపు. గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే మాత్రం పోతుంది.

మన పిల్లల విషయం ఇంకా ముఖ్యం. చట్టం అడిగే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, మీ కారులో కూర్చున్న మీ పిల్లలకు సాధారణంగా అది వర్తించదు. చలానా తప్పుతుంది, అంతే. అలాగే నెలకు ఇంత అని తీసుకుని తెల్ల నంబర్ ప్లేటు కారులో పిల్లల్ని బడికి దింపేవాళ్లు ఉన్నారు. ప్రైవేటు కారు పాలసీ కిరాయి వాడకానికి చెల్లదు. ఏదైనా జరిగితే కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. మీ పిల్లలు అలాంటి బండిలో వస్తుంటే, అది ట్యాక్సీ రిజిస్ట్రేషన్, తగిన ఇన్సూరెన్స్ ఉన్న బండేనా అని ఈ నెలలోనే అడగండి. మొహమాటపడకండి.

క్లెయిమ్ అన్యాయంగా ఆపితే పెద్ద కంపెనీ అని వెనక్కి తగ్గొద్దు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ 155255.

పిల్లల ప్రోగ్రెస్ కార్డును వరుస వరుసా చదివి సంతకం పెడతారు కదా. పాలసీ కాగితాన్నీ ఒక్కసారి అలాగే చదవండి.