పరిశోధక వైద్యులకు మాట కూడా చదువే

వైద్యం చదువుతూనే పరిశోధనకు దిగే యువ డాక్టర్లలో కొందరికి తమ పనిని జనానికి విడమరిచి చెప్పాలన్న తపన ఉంటుంది. దాన్ని తీరికవేళ సరదాగా చూడటం పొరపాటు. అదీ చదువులో భాగమే కావాలి. బోదకాలు మందునే చూడండి. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో, లెడర్లీ ప్రయోగశాల నుంచి 1947లో వెలువడిన మందు డీఈసీ. మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఊరూరా ఈ మాత్రలు పంచుతున్నారు. అయినా వ్యాధి నిర్మూలనకు పెట్టుకున్న గడువులు 2015లోనూ, 2020లోనూ దాటిపోయాయి. ఇప్పటి గడువు 2027. మురుగు, దోమల సంగతి అలా ఉంచితే, చేతికిచ్చిన మాత్రను చాలామంది మింగకపోవడం ఈ ఆలస్యానికి ఒక ముఖ్య కారణం.

వాళ్లను మూర్ఖులనడం అన్యాయం. నలత లేని మనిషి మందెందుకని అడగడం సబబే. కాలు వాచడానికి ఏళ్ల ముందే క్రిములు ఒంట్లో చేరతాయి. వాటి పిల్లలు రాత్రివేళ రక్తంలో తిరుగుతూ దోమకాటుతో ఇంకొకరికి సోకుతాయి. మందుకు పిల్లపురుగులు చస్తాయి గానీ పెద్దవి అన్నీ చావవు, అందుకే ఏటా వేసుకోవాలి. మాత్ర పడ్డాక కొందరికి వచ్చే జ్వరం, తలనొప్పి ఎక్కువగా చచ్చిన క్రిముల వల్లే. ఈ ఒక్క సంగతి ముందే చెప్పకపోతే ఒక ఇంట్లో వచ్చిన జ్వరం వీధంతటినీ భయపెడుతుంది.

చెప్పడానికి ఆశా కార్యకర్తలు, విలేకరులు లేరా అంటారు. ఉన్నారు. కానీ వాళ్ల చేతికి అందేది మింగమన్న ఆదేశమే. ఎదురుప్రశ్నకు జవాబు రోగినీ ప్రయోగశాలనూ రెండింటినీ ఎరిగినవాళ్ల దగ్గర ఉంటుంది. సుబ్బారావు ప్రచారానికి దూరంగా ఉన్నారు కదా అని మరో మాట. ఆయన వద్దనుకున్నది సొంత గొప్ప చాటుకోవడాన్ని. పనిని వివరించడం వేరు. సులువుగా చెబితే శాస్త్రం పలచబడుతుందన్న భయంలో కొంత నిజముంది, అందుకే ఈ విద్యను గురువుల దగ్గర సాధన చేయాలి. అన్నిటికన్నా బలమైన అభ్యంతరం సమయం లేకపోవడం. ఆ భారాన్ని విద్యార్థి ఉత్సాహం మీదకు నెట్టకుండా డిగ్రీలోనే లెక్కించాలి. ఎన్టీఆర్, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఎండీ పరిశోధన పత్రంతో పాటు నాలుగు పేజీల తెలుగు వివరణ కూడా అడగవచ్చు. దాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జనం ముందు చదివించి, మార్కులు వేసేవారిలో ఒక ఆశా కార్యకర్తను కూర్చోబెట్టాలి.